అమ్మ కంచంలో ఎన్ని గ్రాములు?

అట్టపెట్టెలోంచి బయటికి తీసేసరికి ఇంట్లోవాళ్లంతా చుట్టూ మూగారు. బడిపిల్లల పలకంత వస్తువు. పైన గాజు, ముందువైపు అంకెలు కనిపించే చిన్న కిటికీ, అడుగున రెండు పెన్సిల్ సెల్స్. మనవడు చెయ్యి పెట్టి చూశాడు. సెల్‌ఫోన్ పెట్టి చూశాడు. ఆపైన టీవీ రిమోట్. లాల్‌దర్వాజా గల్లీలోని ఆ ఇంటి పెద్దావిడ మాత్రం దూరం నుంచే అడిగింది.

‘‘గిదేందిరా? బంగారం దుకానం పెడుతున్నవా?’’

‘‘కాదే అమ్మా! నువ్వు తినే అన్నం తూచెటందుకు.’’

అంతే, ఆవిడకి కోపమొచ్చింది. ‘‘అన్నం తూస్తరా ఎవరన్నా? తల్లికి తూచి పెడుతున్నడని నలుగురు నవ్వుతరు’’ అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. మన దగ్గర అన్నాన్ని కొసరి కొసరి వడ్డిస్తారు. ‘చాలు’ అన్నాక కూడా ఇంకో గరిటె వేస్తేనే మర్యాద. తూకం అన్నది దుకాణంలో మాట. పిలిచి పెట్టే చోట లెక్క చూసుకుంటే దాన్ని పిసినారితనం అంటారు. అలాంటి ఇంట్లోకి కాంటా ఎందుకొచ్చిందంటే... మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్షలో పెద్దావిడకి ఈసారి అంకె పెరిగింది. డాక్టరు మందులు రాసి, ఆహారం గురించి అడిగారు. ‘‘నేనెంత తింట సారూ... పిట్ట తిన్నంత’’ అందావిడ. కొడుకూ కోడలూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పిట్ట తిన్నంతా, ఏనుగు తిన్నంతా అన్నది ఆ ఇంట్లో నిజంగానే ఎవరికీ తెలియదు. ఆవిడ అందరికీ పెట్టాక ఆఖర్న తింటుంది. ఒక్కోరోజు గిన్నెలోనే కలుపుకుని తింటుంది.

ఇది ఆ ఒక్క గల్లీ సంగతి కాదు. భారత వైద్య పరిశోధనా మండలి దేశవ్యాప్తంగా చేయించిన అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్ల మందికి పైనే. ఆ అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లు. ‘కాస్త తగ్గించి తినండి’ అన్న మాట ఎన్ని కోట్లసార్లు చెప్పి ఉంటారో! దేనిలోంచి తగ్గించాలి, ఎంత నుంచి ఎంతకి... అక్కడే అంతా ఆగిపోతుంది.

వండక ముందా? వండాకా?

క్లినిక్‌లో రాసిచ్చిన కాగితంలో ‘మధ్యాహ్నం: అన్నం 150 గ్రాములు’ అని ఉంది. చిక్కంతా ఆ ఒక్క ముక్కలోనే. 150 గ్రాముల బియ్యమా, 150 గ్రాముల వండిన అన్నమా?

తేడా చిన్నదేం కాదు. పాలిష్ పట్టిన వంద గ్రాముల బియ్యంలో సుమారు 356 కేలరీలుంటాయి. అది ఉడికేటప్పుడు నీళ్లు తాగి రెండున్నర రెట్ల నుంచి మూడు రెట్ల వరకు బరువు పెరుగుతుంది. నీళ్లలో కేలరీలుండవు కాబట్టి వంద గ్రాముల అన్నానికొచ్చేసరికి అవి 120, 140 మధ్యకి దిగుతాయి. అంటే కాగితంలో ఉన్నది బియ్యమైతే పూట అన్నానికి 530 కేలరీలు పైమాటే. అన్నమైతే రెండొందల చుట్టుపక్కలే. ఒక అర్థంలో కడుపునిండా భోజనం, ఇంకో అర్థంలో నాలుగు ముద్దలు! ఫోన్లలో కేలరీలు లెక్కకట్టే యాప్‌లు వాడేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేదీ ఇక్కడే. అన్నాన్ని తూచి బియ్యం అంకెతో గుణిస్తారు. లేదా బియ్యాన్ని తూచి అన్నం అంకె వేసుకుంటారు. కాంటా ఎంత ఖరీదైనదైనా లెక్క మూడు రెట్లు తప్పుతుంది. కాగితం రాసిచ్చిన వాళ్లని ఆ ఒక్క ప్రశ్న అడిగి తెచ్చుకోవడం కాంటా కొనడం కంటే ముందు చెయ్యాల్సిన పని. (ఈ ఇంట్లో రెండోసారి వెళ్లి అడిగారు. వాళ్ల ఉద్దేశం వండిన అన్నమే. పక్కన రెండు కూరలు, పప్పు, మజ్జిగ ఉంటాయనుకుని రాశారట.)

అసలు మన వంటింటికి తూకం కొత్త. సోల, తవ్వ, మానిక, కుంచం... ఇవన్నీ పాత్రల కొలతలు. చిటికెడు ఉప్పు, పిడికెడు పప్పు, దోసెడు అటుకులు... అవి చేతి కొలతలు. తూకం ఉన్నది వీధిలో. చార్మినార్ చుట్టుపక్కల నగల దుకాణాల్లో తులాలు, మాసాలు, కిరాణాలో శేర్లు. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు, అలాంటి ఎనభై తులాలు ఒక శేరు. 1956లో చట్టం వచ్చి, 1958 నుంచి దశలవారీగా గ్రాములూ కిలోలూ దేశమంతా అమల్లోకి వచ్చాయి. అయినా ఇప్పటికీ గాజుల జతలో ఒక్క గ్రాము తేడా వస్తే దుకాణంలో గంటసేపు వాదించే మనమే, గరిటెడు నూనె ఎన్ని గ్రాములంటే నోరెళ్లబెడతాం.

తార్నాకలో తక్కెడ

చిత్రమేమిటంటే, కిలోలొచ్చిన ఆ 1958లోనే తిండిని తూచే పెద్ద సంస్థ ఒకటి హైదరాబాద్‌కి వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో రాబర్ట్ మెకారిసన్ చిన్న గదిలో బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన పరిశోధన దానికి మూలం. నలభై ఏళ్లకి అది ఇక్కడికి మారింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 1971లో సి.గోపాలన్, బి.వి.రామశాస్త్రి, ఎస్.సి.బాలసుబ్రమణియన్ కలిసి తెచ్చిన భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం అక్కడిదే. ఏ పప్పులో ఎంత మాంసకృత్తులు, ఏ కూరలో ఎంత ఇనుము అని దేశంలో ఎవరు చెప్పినా చాలాకాలం దాన్నే చూసి చెప్పారు. 2017లో 528 ఆహారాలతో కొత్త పట్టికలు వచ్చాయి. పాత పుస్తకంలో బియ్యానికి 345 కేలరీలుంటే కొత్తదాంట్లో 356. పండే రకం, పరీక్షించే పద్ధతి మారితే అంకె కాస్త కదులుతుంది. కాబట్టి ఒకటీ రెండూ కేలరీల కోసం ప్రాణాలు పెట్టనక్కర్లేదు.

ఆ సంస్థ ఆధ్వర్యంలో 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం దశాబ్దాల పాటు పల్లెపల్లెకీ తిరిగి జనం ఏం తింటున్నారో లెక్క తీసింది. సర్వేకొచ్చినవాళ్లు కొన్నిసార్లు ఇంటికి వెళ్లి ఆ రోజు వంటకి తీసిన పచ్చి సరుకులన్నీ తూచేవారు. అయితే దాంతో ఓ చిక్కుంది. ఇంటి మొత్తం మీద రెండు కిలోల బియ్యం వండారంటే తలా ఇంత అని భాగహారం చెయ్యొచ్చు. కానీ ఏ ఇంట్లో సమానంగా తింటారు కనుక! పొలానికెళ్లొచ్చిన మగవాడికి ఒకలా, చంటిబిడ్డ తల్లికి ఒకలా, ముసలమ్మకి ఒకలా వడ్డన జరుగుతుంది. ఇంటి సగటు బాగానే ఉండి, ఆ ఇంట్లో ఒక మనిషి అర్ధాకలితో ఉండొచ్చు. అందుకని మనిషి మనిషికీ విడిగా లెక్క తీసే పద్ధతి కూడా వాడారు. కొలతలు తెలిసిన కప్పులు, గరిటెలు వెంట తీసుకెళ్లి ఇల్లాలి ముందు పెడతారు. నిన్న పొద్దున్నుంచి ఎవరెవరికి ఏది, ఏ కప్పుతో ఎన్ని వేశారో గుర్తుచేసుకుని చెప్పమంటారు. వంటలో పడిన పచ్చి సరుకు ఎంత, వండాక మొత్తం ఎంతయింది, అందులో ఈ మనిషికి ఎంత వెళ్లింది... ఈ మూడూ తెలిస్తే చాలు. మిగతాది బళ్లో నేర్చుకున్న త్రైరాశికమే.

లాల్‌దర్వాజా ఇంట్లోనూ ఆ లెక్కే పనికొచ్చింది. కొడుకు ముందు అన్నం గిన్నెని ఖాళీగా తూచాడు: 740 గ్రాములు. ఆ అంకెని కోడలు గోళ్ల రంగుతో గిన్నె అడుగున రాసేసింది (తోమితే పోదని ఆమె నమ్మకం, వారానికోసారి దిద్దుతోంది). బియ్యం 600 గ్రాములు. ఉడికాక గిన్నెతో కలిపి 2,540. గిన్నె బరువు తీసేస్తే అన్నం 1,800. మొత్తం బియ్యంలో 2,136 కేలరీలు కాబట్టి వంద గ్రాముల అన్నానికి సుమారు 119. ఇక రోజూ ఇదంతా చెయ్యక్కర్లేదు. అదే బియ్యం, అవే నీళ్లయితే ఆ అంకె అలాగే ఉంటుంది. గంజి వార్చే ఇళ్లలో కాస్త పిండి పదార్థం గంజితో పోతుంది కనుక ఇంకొంచెం తగ్గుతుంది. కాలే గిన్నెని నేరుగా గాజు మీద పెడితే కాంటా పాడవుతుంది. కింద చెక్కపలక పెట్టి, అంకెని సున్నా చేసే మీట నొక్కి, అప్పుడు గిన్నె పెట్టాలి.

తర్వాత గరిటె. ఇంట్లో రోజూ వడ్డించే గరిటెతో మామూలుగా ఎంత వేస్తారో అంత అన్నం అయిదుసార్లు వేసి తూచారు. ఒకసారి 68, ఒకసారి 81... సగటున 75 గ్రాములు. అంటే డాక్టరు చెప్పిన 150 గ్రాములంటే రెండు గరిటెలు. ఇక అన్నం తూచడం ఆగిపోయింది, గరిటె చాలు. పెద్దావిడ ముఖం కాస్త తేటపడిందీ అప్పుడే. కంచం కాంటా ఎక్కలేదు కదా!

పప్పు మాత్రం గరిటెకి లొంగదు. ఒక ఇంట్లో ముద్దపప్పు, ఇంకో ఇంట్లో పలచటి పప్పుచారు. అదే గరిటెలో రెండింతల తేడా ఉంటుంది. అందుకే పచ్చిపప్పునే తూచి, వండాక గిన్నె బరువు చూసుకోవడం మేలు. ఆకుకూరలూ, సొరకాయా, దోసకాయా అయితే తూచకపోయినా నష్టం లేదు. యాభై గ్రాములు అటూ ఇటూ అయితే పోయేది పది పదిహేను కేలరీలు. వాటి కోసం కాంటా తీసి, తుడిచి, పెట్టుకునే ఓపిక నాలుగు రోజులకి చచ్చిపోతుంది.

ఆ ఓపికేదో నూనె దగ్గర చూపించాలి. పిండి పదార్థాలూ మాంసకృత్తులూ గ్రాముకి నాలుగు కేలరీలిస్తే కొవ్వు తొమ్మిదిస్తుంది. నూనె అయినా నెయ్యి అయినా అంతే. గ్రాము తేడా ఇక్కడే ఖరీదు. నూనెని చెంచాలతో కొలవడం కంటే తేలిక పద్ధతి ఉంది: వంటకి ముందు సీసాని తూచండి, అయ్యాక మళ్లీ తూచండి. తగ్గిందెంతో అంత కూరలోకి వెళ్లినట్టే. ఆ ఇంట్లో ఒక పూట వంకాయ కూరకి 70 గ్రాములు తగ్గింది. 630 కేలరీలు! కోడలు నమ్మలేక రెండోసారి తూచింది. ‘‘రెండు గంటెలే పోసిన గదా అత్తమ్మా...’’ అంటూ.

కాంటా లేనివాళ్లకీ ఓ దారుంది. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 2,000 కేలరీల పళ్లెంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకి మూడు కిలోల పావు. లీటరు ప్యాకెట్‌లో ఉండేది 910 గ్రాములు కాబట్టి దాదాపు మూడున్నర ప్యాకెట్లు. నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టుకుంటే చాలు, సంగతి తెలిసిపోతుంది. అన్నట్టు, ఆ పళ్లెంలో చెప్పిన ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు... ఇవన్నీ వండక ముందు బరువులే.

కంచంలో పడని తిండి

వారం గడిచింది. గరిటెలు లెక్కపెట్టి పెడుతున్నారు, షుగరు అంకె పెద్దగా కదల్లేదు. అప్పుడు కొడుకు ఇంకో పని చేశాడు. మూడు రోజుల పాటు కంచంలోవి కాక అమ్మ నోట్లో పడినవన్నీ చిన్న నోటుబుక్కులో రాయమన్నాడు. రాసింది పెద్దావిడ కాదు, ఏడో తరగతి చదివే మనవరాలు. నానమ్మ వెంటే తిరిగింది.

పొద్దున అయిదింటికి చాయ్. ఎనిమిదింటికి ఇంకోటి. మధ్యాహ్నం పడుకుని లేచాక ఒకటి, పొద్దుగూకాక ఒకటి. ‘‘ఒక్క చెంచనే చక్కెర’’ అన్నది ఆవిడ మాట. మనవరాలు ఆ చెంచాని కాంటా మీద పెట్టించింది. గోపురంలా నిండిన ఆ ఒక్క చెంచాలో 8 గ్రాములుంది. నాలుగు చాయ్‌లకి 32 గ్రాములు, 128 కేలరీలు. చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు రెండేసి. బేకరీలో కిలోల లెక్కన తెచ్చినవి కనుక వాటి మీద కేలరీల చీటీ ఉండదు. పది బిస్కెట్లు తూచి పదితో భాగిస్తే ఒక్కోటి ఎంతో తెలుస్తుంది. అదేరకం ప్యాకెట్ బిస్కెట్ల మీద వంద గ్రాములకి రాసిన అంకెతో లెక్కకడితే ఇంచుమించు సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన వరుస మధ్యాహ్నం రెండింటిది. చిన్న మనవడు సగం తిని లేచిపోతాడు. నెయ్యేసి కలిపిన పప్పన్నం. పారేస్తే పాపమని నానమ్మ తినేస్తుంది. ఒకరోజు 90 గ్రాములు, ఒకరోజు 140. తర్వాత గిన్నెల అడుగులు. రాత్రి మిగిలిన ఒక చపాతీ... ‘‘పొద్దుగాల ఎవరు తింటరు’’ అంటూ. తన కంచంలో తగ్గించిన రెండు గరిటెలు ఈ దారిన తిరిగొచ్చేస్తున్నాయి. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ దృష్టిలో అది తినడం కాదు, వంటిల్లు సర్దుకోవడం. ఇంటి వంటని గిన్నెల లెక్కన చూస్తే ఇది ఎక్కడా కనపడదు. మనిషిని పట్టుకుని చూస్తేనే దొరికింది.

ఇక్కడో జాగ్రత్త చెప్పుకోవాలి. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు కాంటా వచ్చిందన్న హుషారులో ఒక్కసారిగా తిండి సగానికి తగ్గించేస్తే ప్రమాదం. మందు మోతాదు తినే తిండిని బట్టి ఉంటుంది. తిండి తగ్గి మందు అలాగే ఉంటే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం... ఒక్కోసారి స్పృహ తప్పుతుంది. ఎంత తగ్గిస్తున్నారో డాక్టరుకి చెప్పే తగ్గించాలి. ఎదిగే పిల్లల కంచాలకీ, తిండి పేరెత్తితే భయపడిపోయే అమ్మాయిల కంచాలకీ కాంటాని దూరంగానే ఉంచడం మంచిది.

బిర్యానీ నాడు...

పాతబస్తీలో ఉంటూ బిర్యానీ ఊసెత్తకుండా లెక్క పూర్తి కాదు. ఇంట్లో వండితే చిక్కేం లేదు. బియ్యం, మాంసం, పెరుగు, నూనె, నెయ్యి అన్నీ పచ్చిగానే తూచుకోవాలి. ఉల్లిపాయలు వేయించిన నూనెని ముందూ తర్వాతా తూచి తేడా మాత్రమే లెక్కెయ్యాలి. తిన్నాక ఎముకల్ని తూచి తీసెయ్యాలి. ఎముకలతో కలిపి తూస్తే ‘మాంసం పావుకిలో తిన్నా’ అన్న మాటలో చాలా భాగం కంచంలోనే మిగిలిపోతుంది. కిలో బియ్యం బిర్యానీలో 150 గ్రాముల నూనె, నెయ్యి పడితే 1,350 కేలరీలు. అంటే దాదాపు 380 గ్రాముల బియ్యం అదనంగా పోసినట్టు!

హోటల్ నుంచి తెచ్చుకుంటే మాత్రం కాంటా చేతులెత్తేస్తుంది. రంజాన్ నెలలో డబ్బాల్లో వచ్చే హలీం చూడండి. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వంటకం. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడికి ఒక్కటైపోతాయి. డబ్బా ఎంత బరువో కాంటా చెబుతుంది. అందులో నెయ్యెంతో చెప్పదు. ఒకే బరువున్న రెండు హోటళ్ల హలీంలో కేలరీలు ఒకలా ఉండవు. పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు రాయాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. గల్లీలోని చిన్న హోటల్‌కి ఆ బాధ లేదు. అలాంటప్పుడు గ్రాముల కోసం తంటాలు పడేకంటే ఇంత గిన్నెలో ఇంతే అని తీసుకుని మిగతాది పంచేయడం నయం.

ఇంకోమాట... కాంటానీ అప్పుడప్పుడూ పరీక్షించాలి. దుకాణాల కాంటాల మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. వంటింటి కాంటాకి అది ఉండదు. తెలిసిన కిరాణా కొట్టులో ముద్రపడిన 200 గ్రాముల గుండు అడిగి ఓసారి పెట్టి చూసుకుంటే సరి. అదీ కుదరకపోతే దగ్గుమందు సీసా మూతతో పది మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లు పొయ్యండి. వంద గ్రాములు చూపించాలి. సెల్స్ నీరసించినా, కింద బల్ల ఎగుడుదిగుడైనా అంకె తప్పుతుంది. రెండు మూడు గ్రాముల సరుకుని అది ఎలాగూ సరిగా పట్టుకోలేదు. కాబట్టి పసుపు, జీలకర్ర జోలికెళ్లకండి.

ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలొచ్చాయి. ‘‘గియ్యాల గూడ తూస్తవారా?’’ అంది పెద్దావిడ, బోనం కుండకి పసుపు రాస్తూ. కొడుకు నవ్వి కాంటాని అల్మారా పైకి ఎక్కించేశాడు. మర్నాడు ఆవిడే దించమంది. తన కోసం కాదు. చిన్న మనవడికి మొదట ఒక్క గరిటే పెట్టి, అడిగితేనే రెండోది వెయ్యమని కోడలికి చెప్పింది. వాడు లేచాక కంచాన్ని కాంటా మీద పెట్టి మనవరాల్ని అంకె చదవమంది.

‘‘కంచం బరువు తీసెయ్యాలె నానమ్మా.’’

‘‘తీసెయ్యి మరి. ఎంత మిగిలింది?’’

‘‘పదకొండు గ్రాములు.’’

ఆ పదకొండు గ్రాముల్నీ ఆవిడ గోడ మీద పిచ్చుకలకి వేసింది.